సుద్దముక్కతో గీసిన గుండ్రం

భూపాలపల్లిలో మేముండే ఇంటి మేడ ఎక్కితే చెల్పూర్ పొగగొట్టాలు కనిపిస్తాయి. కరెంటు పుట్టే చోటికి ఇంత దగ్గరగా ఉంటూ కూడా కంప్యూటర్ కింద ఒక యూపీఎస్ పెట్టుకోక తప్పలేదు నాకు. గాలివాన వస్తే తీగల మీద కొమ్మలు పడతాయి, ఎండాకాలం ఫ్యూజులు పోతాయి. కరెంటు పోగానే బల్ల కింద ఆ పెట్టె కీచుమని అరుస్తుంది. ఇంట్లో వాళ్లకు అదొక చిన్న చప్పుడు. నేను మాత్రం ఇన్నేళ్ల తరువాత కూడా టైపు చేస్తున్న వేళ్లు ఆపేసి దాని వైపు వంగి చూస్తాను. పోయిన నెల దాని బ్యాటరీ బలహీనపడి, కరెంటు పోయిన రెండు నిమిషాలకే కంప్యూటర్ ఆరిపోతుంటే కొత్తది తేవడానికి బజారుకు వెళ్లాను. దుకాణదారు ఒక నల్లటి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, “సార్, గిది పూర్తిగ మూసేసిన బ్యాటరీ. నీళ్లు పోసుడు లేదు, మూతలు తీసుడు లేదు. పెట్టుకొని మరిచిపోవుడే” అన్నాడు. ఆ చివరి మాట దగ్గర డబ్బు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. బ్యాటరీని మరిచిపోవచ్చని మా అబ్బా, అంటే మా నాన్న, బతికుండగా ఎవరైనా అని ఉంటే, ఆయన నవ్వేవాడో, తిట్టేవాడో తెలియదు. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు.

అబ్బాది జనగామలో బ్యాటరీలు చార్జింగ్ చేసే దుకాణం. పేరు యాకూబ్ అయినా ఊళ్లో అందరికీ బ్యాటరీ యాకూబే. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు మేము. దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక గోడ, గోడకొక కిటికీ. ఆ కిటికీలోంచి ఆసిడ్ వాసన మా అన్నంలోకి, పడకల్లోకి, స్కూలు పుస్తకాల్లోకి వచ్చేది. పుల్లగా గొంతులో పట్టుకునే వాసన అది. సీసం కరిగించే రోజున దానికి మరో ఘాటు తోడయ్యేది. అబ్బా లుంగీలన్నీ చిల్లులే. అమ్మీ వాటిని మా బట్టల్లో కలపకుండా వేరే బకెట్లో, వేరే బండ మీద ఉతికేది. ఆయన అన్నానికి కూర్చునే ముందు చేతుల మీద వంటసోడా చల్లి, నురుగు అణిగేదాకా నిలబడి చూసేది. అది అయ్యాకే కంచం పెట్టేది. అబ్బా పొద్దున్నే లేచి చాయ్ కూడా తాగకుండా దుకాణంలోకి వెళ్లి, ఒక్కొక్క బ్యాటరీ మూతలు విప్పి, టార్చిలైటు వేసి లోపలికి చూసేవాడు. ప్లేట్లు మునిగేంత నీళ్లున్నాయా లేదా అని చూసి, తగ్గితే బ్యాటరీ నీళ్లు మాత్రమే పోసేవాడు. బోరు నీళ్లు పోసుకొచ్చిన వాళ్లను నిలబెట్టి కడిగేసేవాడు. “నీ పొలంల ఉప్పు పోస్తవా? మరి దీంట్లెందుకు పోసినవ్?” అనేవాడు. ఇంట్లో మేం మా మాటల్లో, దక్ఖనీలో మాట్లాడుకునేవాళ్లం. దుకాణంలో మాత్రం ఆయన నాతో కూడా తెలుగే. పని తెలుగులోనే నేర్పాడు నాకు.

ఆ దుకాణంలో చీటీలు, రశీదులు ఏమీ ఉండేవి కావు. ఒక సుద్దముక్క ఉండేది. బ్యాటరీ రాగానే దాని పక్క మీద ఒక గీత. సగం చార్జింగ్ అయితే రెండో గీత. చివరికి అబ్బా తన గాజు గొట్టం తీసేవాడు. పైన రబ్బరు బుడ్డి, లోపల ఆసిడ్‌లో తేలే, రంగు గీతలున్న చిన్న బెండు. బుడ్డి నొక్కి ఆసిడ్ పీల్చి, కంటికి ఎదురుగా పట్టుకొని, బ్యాటరీలోని ఆరు గదుల్లోనూ బెండు ఆకుపచ్చ గీత దాకా లేచిందంటేనే గీతల చుట్టూ గుండ్రం గీసేవాడు. గుండ్రం పడిందంటే బండికి పెట్టుకోవచ్చని అర్థం. తరిగొప్పుల నుంచి, జఫర్‌గఢ్ నుంచి వచ్చే రైతులు లోపలికి అడుగు పెట్టకుండానే, “యాకూబ్ భాయ్, గుండ్రం పడ్డదా?” అని కేకేసేవాళ్లు. పడిందంటే ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. ఎత్తుకొని పోయేవాళ్లు. సర్కారు ముద్రకు లేని నమ్మకం ఆ సుద్ద గుండ్రానికి ఉండేది.

నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం లేక, కథలు రాసుకుంటూ తిరిగే రోజులవి. హనుమకొండలో మూతపడిన ఒక శిక్షణ కేంద్రం నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకున్నాను. దాంతోపాటు లోపలి బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కూడా వచ్చింది. రోజూ మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు కోత. ముందుగా చెప్పిన కోత అది, చెప్పకుండా పోయేది వేరే. రాసింది భద్రం చేసుకునేలోపే తెర నల్లగా అయిపోయేది. అబ్బా యూపీఎస్ విప్పి చూసి, లోపలి తీగలు బయటికి లాగి, ఎర్రదొకటి నల్లదొకటి చివర్లకు క్లిప్పులు బిగించి కిటికీలోంచి దుకాణంలోకి వేలాడదీశాడు. పెద్ద బ్యాటరీ బయట ఉంటుంది, దానికి తగిలించుకోవచ్చని. ట్రాక్టర్ బ్యాటరీ ఏదైనా పెట్టేద్దామని నేనంటే తల అడ్డంగా ఊపాడు.

“ట్రాక్టర్ బ్యాటరీ ఉరికే ఎద్దు బేటా. ఒక్క గుంజుడు గట్టిగ గుంజుతది, ఇంజన్ లేస్తది, అంతే దాని పని. దాని ప్లేట్లు సన్నం. నీ కంప్యూటర్‌కు నడిచే ఎద్దు కావాలె. పొద్దుందాక ఒక్క తీరుగ నడవాలె. దాని ప్లేట్లు మందం. నేనే చేసిస్త, జర ఆగు. గీ దుక్కులకు పోయే ట్రాక్టర్ల పని అయిపోనీ.”

“గంతదాక?”

“గంతదాక ఆగు. మంది బ్యాటరీ ముట్టకు. మంది నమ్మి పెట్టిపోతరు.”

నేను ఆగలేదు. ఒక వారపత్రిక పెట్టిన కథల పోటీకి గడువు దగ్గరపడింది. శనివారం పొద్దున పోస్టులో వేయకపోతే అందదు. చేతితో రాసి పంపితే సరిపోయేది, అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ నా అక్షరాలను అచ్చులాంటి అక్షరాల్లో చూసుకోవాలన్న పిచ్చి పట్టింది నన్ను. శుక్రవారం అబ్బా జుమ్మా నమాజు చేసి వచ్చి, అమ్మీని తీసుకొని జఫర్‌గఢ్ వెళ్లాడు. అక్కడ మా ఫుప్పుకు, అంటే మేనత్తకు, ఒంట్లో బాగాలేదు. వెళ్లేముందు తలుపు దగ్గరున్న ఒక బ్యాటరీని చూపించి, “తరిగొప్పుల మల్లయ్య పటేల్‌ది. గుండ్రం పెట్టిన. వస్తే ఇయ్యి” అన్నాడు. ఆయన అటు వెళ్లాడో లేదో కరెంటు పోయింది. కథ చివరి పేజీలు మిగిలాయి. కిటికీలోంచి ఎర్ర తీగ, నల్ల తీగ వేలాడుతున్నాయి. నిండా చార్జింగ్ అయి ఉన్నది మల్లయ్య బ్యాటరీ ఒక్కటే. దాన్ని కిటికీ కిందికి జరిపి క్లిప్పులు తగిలించాను.

మూడు గంటల సేపు రాశాను. యూపీఎస్ వేడెక్కితే మూత విప్పి, ఒక చేత్తో విసనకర్రతో విసురుతూ ఇంకో చేత్తో టైపు చేశాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు. ఊరంతా కరెంటు లేక ఉక్కపోతలో ఉంటే నా తెర ఒక్కటే వెలుగుతోంది. చివరి వాక్యం దగ్గర పెట్టె కీచుమంది. తరువాత ఆగకుండా అరవడం మొదలుపెట్టింది. బ్యాటరీ అడుగంటిందని దాని అర్థం. ఫ్లాపీలోకి ఎక్కించుకొని, తీగలు తీసేసి, బ్యాటరీని తుడిచి తలుపు దగ్గర పెట్టాను. గుండ్రం మాత్రం చెరపలేదు. అబ్బా వచ్చేలోపు కరెంటు వస్తే మళ్లీ చార్జింగ్ పెడదామని అనుకున్నాను, అంతే.

కోత గడువు దాటినా కరెంటు రాలేదు. దానికంటే ముందు మల్లయ్య వచ్చాడు. ఆయన మాకు ఎన్నో ఏళ్ల గిరాకీ. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, మోపెడ్ వెనక బ్యాటరీ కట్టుకోవడానికి గోనెసంచీ. గడపలోంచే వంగి చూసి, “పడ్డది గుండ్రం” అని తనకు తానే చెప్పుకున్నాడు.

“రేపు తీసుకపోతవా కాకా?” అన్నాను నేను.

“రేపెందుకు? బిడ్డ పురుటికొచ్చింది ఇంటికి. ట్రాక్టర్ తయారుంటేనే పానం నిమ్మలం. వాన వడితే మా తొవ్వల వేరే బండి రాదు.”

ఆ మాట విన్నాను. విని కూడా నోరు తెరవలేదు. తెరిస్తే, దుకాణంలో గిరాకీల బ్యాటరీలు మా ఇంటికి వాడుకుంటామన్న మాట మల్లయ్య నోటి నుంచి నాలుగు ఊళ్లకు పాకుతుంది. అబ్బా ముఖం ఎట్లా చూడను? ఇంకాస్త మిగిలే ఉంటుందిలే, ఒకసారి ఇంజన్ లేస్తే అదే చార్జింగ్ అవుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ప్లేట్ల సంగతి అంతా తెలిసిన వాణ్ని నేను. ఆ బ్యాటరీని నా చేతులతోనే ఎత్తి మోపెడ్ మీద పెట్టాను. తాడు బిగించాను. ఆయన నా తల నిమిరి వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున్నే ఫ్లాపీ తీసుకెళ్లి బజారులో అచ్చు తీయించి కథ పోస్టు చేశాను.

ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు మల్లయ్య వచ్చాడు. మోపెడ్ మీంచి బ్యాటరీ దించి గడప ముందు పెట్టాడు. ఆయన లోపలికి రాలేదు. అబ్బా సీసం పోస్తున్నవాడు లేచి బయటికి వచ్చాడు. మల్లయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. పొలం సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఆదివారం తెల్లవారుతుండగా బిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. రాత్రంతా వాన. గుండ్రం నమ్మి అప్పటిదాకా తిప్పి చూడని తాళం తిప్పితే ట్రాక్టర్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. నలుగురు నెట్టారు. నల్లరేగడిలో చక్రాలు దిగబడ్డాయి. ఎడ్లబండి కట్టి, తారురోడ్డు దాకా పోయి, అక్కడ జీపు దొరికి, జనగామ దవాఖానకు వచ్చేసరికి పొద్దెక్కింది. తల్లి బతికింది. పిల్లవాడు కడుపులోనే పోయాడు.

“జర ముందు తెస్తే బతుకునన్నరు డాక్టరమ్మ” అన్నాడు మల్లయ్య. “గుండ్రం వెట్టినవ్ గదా యాకూబ్ భాయ్. నేను నమ్మిన.”

అబ్బా లోపలికి వచ్చి గాజు గొట్టం తీసుకొని వెళ్లాడు. గడప ముందే గొంతుక్కూర్చుని ఆరు మూతలూ విప్పాడు. మొదటి గదిలో బుడ్డి నొక్కి వదిలాడు. బెండు లేవలేదు. రెండో గదిలో, మూడో గదిలో కూడా లేవలేదు. ఒక గది చెడితే ఒక్కటే పడిపోతుంది. ఆరూ ఒకే తీరుగా పడిపోయాయంటే బ్యాటరీ చెడలేదు, ఎవరో వాడుకున్నారు. నలభై ఏళ్ల చెయ్యి ఆయనది, క్షణంలో తెలిసిపోయింది. తలెత్తి కిటికీలోంచి వేలాడుతున్న ఎర్ర తీగను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

“తప్పు నాదే పటేల్” అన్నాడు అబ్బా. “సరిగ చూడకుండ గుండ్రం వెట్టిన. నా కండ్లు మసకైనయి.”

మల్లయ్య బ్యాటరీ వైపు వేలు చూపించాడు. “గిది నీ తాననే ఉండనీ. నాకు దీన్ని చూస్తే పానం ఆగుతలేదు” అని మోపెడ్ ఎక్కాడు. మళ్లీ మా దుకాణానికి రాలేదు.

ఆ సాయంత్రం అబ్బా కిటికీలోంచి తీగలు లాగి చుట్టచుట్టి మేకుకు తగిలించాడు. చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరగకుండా, దక్ఖనీలో “కిత్తే ఘంటే?” అన్నాడు. ఎన్ని గంటలు వాడావని. మూడు అని చెప్పాను. సోడా నురుగు అణిగేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఆ సంగతి గురించి ఆయన నన్ను అడిగిన మాట అదొక్కటే. ఆ రోజు నుంచి చనిపోయేదాకా ఇంకొక్క మాట అడగలేదు. కొడతాడేమో అని ఎదురుచూశాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన కొట్టి ఉంటే నేను మల్లయ్య కాళ్ల మీద పడి చెప్పేసేవాణ్నేమో. రెండు నెలలకు నా కథకు బహుమతి వచ్చి అచ్చయింది. అమ్మీ వీధంతా పేణీలు పంచింది. అబ్బా పత్రిక చేతిలోకి తీసుకున్నాడు. తెలుగు చదవడం ఆయనకు అంతగా రాదు. అక్షరాల మీద వేలు పెట్టి పేజీ చివరి దాకా నడిపించి, “గిదేనా?” అని అడిగి, మడిచి నా చేతిలో పెట్టాడు. నేను రచయితనని లోకం ఒప్పుకున్న రోజు అది. ఆ రోజు మా నాన్న అన్నం తినలేదు.

మాట ఇచ్చిన ప్రకారం దుక్కుల పని అయ్యాక నాకు మందం ప్లేట్ల బ్యాటరీ చేసి ఇచ్చాడు. దాన్ని నేను ఎంత బాగా చూసుకున్నానో చెప్పలేను. వారానికొకసారి నీళ్లు చూసేవాణ్ని. టెర్మినళ్ల మీద తెల్లగా పట్టిన పొడిని వేడినీళ్లతో కడిగి గ్రీజు రాసేవాణ్ని. నెలకొకసారి కావాలని కరెంటు ఆపి సగం దాకా వాడి, మళ్లీ నింపేవాణ్ని. వాడకుండా ఉంచినా బ్యాటరీ చస్తుంది, పూర్తిగా పిండినా చస్తుంది. అట్లా ఎనిమిదేళ్లు నడిచింది అది. కానీ దాని మీద రాసిన ఏ కథలోనూ నేను ఆ శుక్రవారం గురించి రాయలేదు. మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో గుమాస్తా ఉద్యోగం దొరికి వెళ్లిపోయాను. తరువాత భూపాలపల్లి. జనగామ వెళ్లినప్పుడల్లా దుకాణం మూలన మల్లయ్య బ్యాటరీ కనిపించేది. దాని ముందు నుంచి చూపు తిప్పుకొని నడిచేవాణ్ని. అమ్మకుండా, పారేయకుండా ఎందుకు ఉంచుకున్నాడని అడిగే ధైర్యం లేదు నాకు.

అబ్బా పోయిన నలభయ్యో రోజు అయ్యాక దుకాణం ఖాళీ చేశాం. చార్జింగ్ బల్ల మీద అంతా దుమ్ము. చివరి రెండేళ్లు ఆయన గిరాకీలను తీసుకోలేదు. మూలన ఒక్క బ్యాటరీ మాత్రం తుడిచినట్టు మెరుస్తోంది. దాని పక్క మీద తెల్ల రంగుతో రాసిన మల్లయ్య పేరు, ఊరు. చుట్టూ సుద్ద గుండ్రం, నిన్న గీసినంత తాజాగా ఉంది. ఒక్కొక్కటిగా మూతలు విప్పాను. నీళ్లు ఉండాల్సినంత ఉన్నాయి. లోపలి ప్లేట్లు కొత్తవి. ఎన్నిసార్లు మార్చాడో తెలియదు. గాజు గొట్టం పెట్టి పీల్చాను. ఆరు గదుల్లోనూ బెండు ఆకుపచ్చ గీత దాటి లేచింది. ఇన్నేళ్లుగా, ఏ నెలా తప్పకుండా, మళ్లీ రాని మనిషి కోసం ఆయన దాన్ని సిద్ధంగా ఉంచాడు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన జనాజాను భుజాన మోసిన రోజున కూడా అంత ఏడవలేదు.

ఆ బ్యాటరీని కారులో పెట్టుకొని తరిగొప్పుల వెళ్లాను. మల్లయ్య పోయి ఐదేళ్లయిందట. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన బిడ్డ సరిత ఉంటోంది. ఆ ఆదివారం ఎడ్లబండిలో పడుకొని వచ్చిన మనిషి ఆమే. తల నెరిసింది. బ్యాటరీ యాకూబ్ కొడుకునని చెబితే కుర్చీ వేసి నీళ్లిచ్చింది. అబ్బా పోయాడని విని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా బాపు మీ అబ్బను ఎన్నడు తిట్టలేదన్నా. యాకూబ్ చెయ్యి తప్పది, గా దినం ఎట్ల తప్పిందో అనుకుంటనే పోయిండు.”

కారులోంచి బ్యాటరీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. దాని మీద తండ్రి పేరు చూసి, అక్షరాల మీద అరచెయ్యి పెట్టింది. లోపల గదిలో ఒక కంప్యూటర్ ఉంది, మీద పూల గుడ్డ కప్పి. ఆ కాన్పు తరువాత సరితకు పుట్టిన కూతురు డిగ్రీ చదువుతోందట. పాఠాలన్నీ దాంట్లోనేనట. కరెంటు పోయినప్పుడల్లా రాసిందంతా పోతోందని పిల్ల ఏడుస్తోందట.

“ట్రాక్టర్ ఎప్పుడో అమ్మేసినం. గిది గా కంప్యూటర్‌కు పనికొస్తదా అన్నా?”

పనికిరాదు చెల్లె, ఇది ఉరికే ఎద్దు, దానికి మందం ప్లేట్లది కావాలి, నేను తెచ్చి పెడతాను అని చెప్పి లేచి రావచ్చు. అబ్బా నాకోసం చెప్పిన అబద్ధం ఆయనతోనే మట్టిలోకి పోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

“మూడు గంటలు వస్తది చెల్లె” అన్నాను. “నేనొకసారి పెట్టిన. మీ బాపు వచ్చి తీసుకపోయే ముందు. మా అబ్బా చెయ్యి తప్పలేదు. ఆయన వెట్టిన గుండ్రం నిజమే. నేను వాడుకొని చెప్పలేదు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. అర్థమయ్యాక బ్యాటరీ మీది చెయ్యి తీసేసింది. తిడుతుందనుకున్నాను. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. వాటిని చూస్తూ అడిగింది.

“ఏం చేసినవన్నా గా మూడు గంటలు?”

“కథ రాసిన.”

“అచ్చయిందా?”

“అయింది.”

ఆమె తల ఊపింది.

“గదొక్కటన్న పానంతోటి బయటపడ్డది” అన్నది.